ఇంటిపన్ను: విధింపు, విన్నపము

కొండాపూర్‌లో మా వీథి చివర ఒక పెద్దమ్మ యున్నది. ఆ ప్రాంతము నగరము కాక, ఊరు ఊరుగా ఉన్న నాటినుండియు ఆమె అక్కడనే కాపురమున్నది. ఒక వేసవి సాయంకాలము ఆమె చేత ఒక కాగితము పట్టుకొని మా గుమ్మము నెక్కినది. “బిడ్డా, రేడియోల చదువుతవు గదా, జర గీ కాగితంల ఏమున్నదో చదివి చెప్పు” అన్నది. అది ఇంటిపన్ను నోటీసు. మొదటినుండి చివరివరకు చదివి వినిపించితిని. ఆమె విని, కొంచెము సేపూరకుండి, రెండే ప్రశ్నలడిగినది. “గింత అని ఎవలు లెక్క కట్టిన్రు? కాదంటె ఎవల్నడగాలె?”

ఆ రెండు ప్రశ్నలకు ఆ సాయంకాలము చక్కని సమాధానము చెప్పలేకపోతిని. తరువాత గ్రంథములు తిరుగవేయగా తెలిసిన దేమనగా, ఇంటిపన్ను చరిత్ర యంతయు ఆ రెండు ప్రశ్నలలోనే ఇమిడి యున్నది. మొదటిది విధింపును గూర్చిన ప్రశ్న. రెండవది విన్నపమును గూర్చిన ప్రశ్న. మొదటి ప్రశ్నకు ప్రభుత్వములు ఏ కాలమునందైనను సమాధానము సిద్ధముగా ఉంచుకొన్నవి. రెండవ ప్రశ్నకు సమాధానము మాత్రము ప్రజలు మిక్కిలి కష్టపడి సంపాదించుకొన్నది. ఆ సంపాదన యెట్లు జరిగెనో చెప్పుటయే ఈ ప్రసంగము నుద్దేశము.

ఇంటిని లెక్కించి పన్ను వేయుట మన దేశమునకు క్రొత్త గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను ఉద్యోగి కలడు. తన అధీనమందలి గ్రామములలో ఏ యిల్లు పన్ను చెల్లించునది, ఏ యిల్లు చెల్లించనిది యని లెక్క వ్రాసి యుంచుట అతని విధులలో నొకటి. మన తెలుగు శాసనములలో ‘ఇల్లరి’ యను మాట కానవచ్చును. అరి యన్న పన్ను. పసులమేతకు పుల్లరి, మగ్గమునకు మగ్గరి, ఇంటికి ఇల్లరి. పల్నాటి అడవి సత్యాగ్రహము పుణ్యమా యని పుల్లరి యను మాట మనకు జ్ఞాపకమున్నది. ఇల్లరిని మాత్రము మరచిపోతిమి.

ఆ కాలమున ఈ పన్ను హెచ్చుగా నున్నదని తోచినచో గృహస్థుడు చేయగలిగిన దేమి? ప్రభువునకు మొరపెట్టుకొనుట యొకటి. ఆ మొర వినబడనిచో ఊరు విడిచిపోవుట రెండవది. పన్నుల భారమున కోర్వలేక ప్రజలు ఊళ్ళు విడిచిపోయినట్లును, పాలకులు పన్నులు తగ్గించి వారిని మరల రప్పించినట్లును విజయనగర కాలపు శాసనములు కొన్ని చెప్పుచున్నవి. దున్నువాడును, నేయువాడును లేని ఊరిపై పన్ను వేసి ఫలమేమి? కావున వలస పోవుటయే ఆనాటి అప్పీలు. దాని ఖరీదు మాత్రము ఎక్కువ. లెక్క తప్పని చెప్పుటకు మనుష్యుడు ఇల్లే విడువవలసి వచ్చెను.

ఇంగ్లీషు కంపెనీవారు వచ్చిన పిమ్మట ఈ కథ వేరొక మలుపు తిరిగెను. చెన్నపట్నములో వీథులు ఊడ్పించుటకును, కాపలాకును ఇండ్లపై పన్ను వేయబోయినప్పుడు పట్టణవాసులు ఎదురు తిరిగిరి. అప్పుడు లండనులోని కంపెనీ పెద్దలకు ఒక ఉపాయము తోచినది. తాము వేసిన చిన్న పన్నుకంటె, ప్రజలు తమకు తామే వేసికొన్న పెద్ద పన్ను సులభముగా వసూలగునని వారి యాలోచన. ఆ యాలోచన ఫలముగా 1688 సెప్టెంబరు 29వ తేదీన చెన్నపట్నపు కార్పొరేషను వెలసినది. అందలి ఆల్డర్మనులలో తెలుగు వర్తకులును ఉండిరి. బేరి తిమ్మన్న తమ్ముడు చిన్న వెంకటాద్రి వారిలో నొకడు. పన్నులు వేయుటలో మనవారికి నామమాత్రముగనైనను స్థానము లభించుట అప్పుడే. అయినను ప్రజలు ఆ పన్నులను సంతోషముగా స్వీకరింపలేదు. సభలో నలుగురు వర్తకులు కూర్చున్నంతమాత్రమున ఊరంతయు ఒప్పుకొన్నట్లు కాదని వారు తెలిపిరి.

ఇంతవరకు చెప్పినది పన్ను ఎవరు వేయవలెనన్న మాట. ఎంత వేయవలెనన్న ప్రశ్నకు కొలబద్ద ఇంగ్లండునుండి వచ్చెను. అక్కడ 1601వ సంవత్సరపు చట్టము ననుసరించి, ప్రతి పారిషులోను దరిద్రుల పోషణకై ఇండ్లపైనను భూములపైనను పన్ను వేయు ఆచారముండెను. ఆ పన్నుకు ఆధారమేమి యన్న విషయమున వివాదములు పెక్కు చెలరేగగా, 1836లో పార్లమెంటు ఒక నిర్వచనమును స్థిరపరచినది. ఆ యింటిని సంవత్సరమునకు అద్దెకిచ్చినచో న్యాయముగా ఎంత అద్దె వచ్చునని ఆశింపవచ్చునో, అందుండి మరమ్మతుల వంటి ఖర్చులు తీసివేయగా మిగులునది యేదో, అదే పన్నుకు ఆధారము. ఇల్లు నిజముగా అద్దెకిచ్చినదా లేదా యన్నది ప్రశ్న కాదు. యజమాని తానే కాపురమున్నను, ఊహలో ఒక అద్దెదారుని ఆ యింటిలో ప్రవేశపెట్టి, అతడు ఎంత యిచ్చునో అంచనా వేయుదురు.

ఈ ఊహలోని అద్దెదారుడు మన దేశమునకు ఓడయెక్కి వచ్చెను. 1793 నాటి చార్టరు చట్టమే రాజధాని నగరములలో ఇండ్ల వార్షికాదాయములో ఇరువదవ వంతు మించకుండ పన్ను వేయుటకు అనుమతి యిచ్చెను. తరువాత 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టము, ఇంటికి న్యాయముగా రాగల అద్దెలో, కట్టడము పాలు ఎంతయో దానిలో పదవ వంతు మరమ్మతులకై తీసివేసి, మిగిలినది వార్షిక విలువ యని నిర్ణయించినది. నేడు హైదరాబాదులో మన చేతికి వచ్చు నోటీసులో వార్షిక అద్దె విలువ యను మాట కనబడుటకు వంశమూలమిది.

ఈ సంగతి గృహస్థునకు ఏల ముఖ్యమో గమనింపుడు. నోటీసులోని సంఖ్య రాజాజ్ఞ కాదు. అది ఒక అభిప్రాయము. ఎన్నడును లేని అద్దెదారుడు, ఎన్నడును ఇయ్యని అద్దెను గూర్చి ఒక ఉద్యోగి వేసిన అంచనా. అంచనా వేయువాడు మనుష్యుడు, మనుష్యుడు పొరబడవచ్చును. కావున అంచనాపై పన్ను వేయుదుమన్న నాడే, ఆ అంచనాను ప్రశ్నించు హక్కును చట్టము అంగీకరించినట్లైనది. కాని ఆ హక్కు కాగితముపైనుండి ఆచరణలోనికి వచ్చుటకు చాల కాలము పట్టెను.

1810లో కంపెనీ ప్రభుత్వము వంగ, బీహారు, ఒరిస్సా, కాశీ ప్రాంతముల పట్టణములలో ఇండ్లపై అద్దె విలువలో నూటికి 5, దుకాణములపై నూటికి 10 చొప్పున పన్ను విధించినది. ఆ సంవత్సరము డిసెంబరులో కాశీనగరము స్తంభించిపోయెను. అంగళ్ళు మూతపడెను. కమ్మరి, మంగలి, పడవనడుపువాడు మొదలుగా వృత్తులవారందరు పనులు మానిరి. వేలకొలది జనులు ఇండ్లు విడిచి బయట మైదానములో చేరి, శాంతముగా కూర్చుండి, విన్నపములు పంపిరి. ఆ విన్నపములు మొదట త్రోసివేయబడినవి. అయినను కడపట 1812లో ఆ పన్నునే ప్రభుత్వము రద్దు చేసినది. చలికాలపు రాత్రులు ఆరుబయట గడపిన ఆ జనసమూహమే దానికి కారణమని చెప్పనక్కరలేదు.

కాశీ మనకు దూరము. చీరాల దూరము కాదు. 1919-20 ప్రాంతమున చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా మార్చిరి. అంతకుముందు అది యూనియనుగా నుండి, పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు మాత్రమే వచ్చుచుండెను. పురపాలక సంఘము రాగానే అది పదిరెట్లయినదని ఆనాటివారు మొరపెట్టిరి. ఊరి జనాభా సుమారు 15,000. అందు పలువురు నేతగాండ్రు, చిన్న రైతులు. మగ్గముపై బ్రతుకువానికి పురమన్న పేరుతో పనిలేదు. పన్ను మాత్రము కనబడినది.

వారికి నాయకుడై నిలిచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం. ఏ. చదివి వచ్చిన పండితుడు; రామదండను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చినవాడు. విజయవాడలో కాంగ్రెసు సభ ముగిసిన కొలది దినములకు, 1921 ఏప్రిలు 6వ తేదీన, మహాత్ముడు చీరాల వచ్చెను. పన్ను చెల్లింపక శాంతముగా ఫలితము ననుభవించుట యొక మార్గమనియు, పురపాలక సంఘపు పొలిమేర దాటి పోవుట మరియొక మార్గమనియు సూచించెను. చీరాలవారు రెండవది యెన్నుకొనిరి. పదుమూడువేలకు పైగా జనులు తమ యిండ్లకు తాళములు వైచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరని పేరు పెట్టుకొనిరి. ఎండలలో, వానలలో, చలిలో సుమారు పదునొకండు మాసములు అక్కడనే యుండిరి. విజయనగర కాలపు శాసనములలోని వలస, ఇరువదవ శతాబ్దమున మరల కన్నులకు కట్టినది.

గోపాలకృష్ణయ్యగారిని బంధించి ఒక సంవత్సరము కారాగారవాసమునకు పంపిరి. పన్ను బకాయిలకై సామానులు జప్తు చేసిరి. నాయకుడు లేక, చేతిలో పైకము లేక, జనులు క్రమముగా ఇండ్లకు తిరిగి వచ్చిరి. పురపాలక సంఘము నిలిచినది. ఈ కథను మనము సామాన్యముగా త్యాగగాథగా చెప్పుకొందుము, అది న్యాయమే. కాని చరిత్ర చదువువాడు ఇందు మరియొక సంగతి గమనింపవలెను. చీరాలవారి అభ్యంతరము ఈ యింటి లెక్క తప్పు, ఆ యింటి లెక్క తప్పని కాదు. ఈ సంఘమే మాకు వలదు, ఈ పన్నే మేము మోయలేము అన్నది వారి మాట. అట్టి మాటకు ఏ పన్నుల కచ్చేరిలోను సమాధానము లేదు. అది శాసనసభలలోను, ఎన్నికలలోను, ప్రజాందోళనలోను తేలవలసిన మాట. తలుపు ఎక్కడ నున్నదో తెలియక కాదు, ఆనాడు ఆ తలుపే సరిగా తెరువబడి యుండలేదు గనుక వారు ఇండ్లు విడిచిరి.

ఇప్పుడు మన హైదరాబాదునకు వత్తము. 1869లో, మొదటి సాలారుజంగు దివానుగా ఉన్న కాలమున, నగరమును నాలుగు భాగములుగను, శివారు చాదర్‌ఘాట్‌ను ఐదు భాగములుగను విభజించి పురపాలనకు నాంది పలికిరి. 1886లో చాదర్‌ఘాట్ ప్రత్యేక పురపాలక సంఘమయ్యెను. 1933లో నగరమున కలిసినది. 1950లో హైదరాబాదు, సికింద్రాబాదులకు వేర్వేరు కార్పొరేషనులు వచ్చినవి. 1960లో రెండును ఒకటైనవి. ఈ మధ్యకాలమున వెలువడినదే 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుల చట్టము.

మా వీథి పెద్దమ్మ రెండవ ప్రశ్నకు సమాధానము ఈ చట్టములో నున్నది. విలువ నిర్ణయము అన్యాయమని తోచిన గృహస్థుడు మొదట కమిషనరుకు వ్రాతమూలముగా అభ్యంతరము తెలుపవచ్చును. కమిషనరు విచారించి చెప్పిన తీర్పు కూడ సరికాదని తోచినచో, 15 దినములలో స్మాల్ కాజెస్ కోర్టు న్యాయమూర్తి యెదుట అప్పీలు చేసికొనవచ్చును. మొదటి మెట్టెక్కనివాడు రెండవ మెట్టెక్కుటకు వీలులేదు. కమిషనరుకు చెప్పుకొనని మాటను న్యాయమూర్తి వినడు. కాశీలో వేలమంది మైదానమున కూర్చుండి సాధించిన దానిని, ఇచ్చట ఒక్కడు ఒక్క కాగితముతో అడుగవచ్చును. ఇది సామాన్యమైన మార్పు గాదు.

అంచనా వేయు పద్ధతియే తప్పైనచో ఎట్లు? దానికిని మన తెలుగు పట్టణమొకటి దారి చూపినది. గుంటూరు పన్నుదారుల సంఘమువారు తమ పురపాలక సంఘముపై వ్యాజ్యము వేసి సుప్రీంకోర్టు దాక వెళ్ళిరి. వారి వాదము సులభముగా గ్రహింపదగినది. అద్దె నియంత్రణ చట్టము ప్రకారము ఇంటి యజమాని న్యాయమైన అద్దెకు మించి తీసికొనుట నిషిద్ధము. తీసికొనరాని అద్దెను తీసికొనగలడని ఊహించి పన్ను వేయుట ఎట్లు న్యాయము? న్యాయమైన అద్దెను కంట్రోలరు నిర్ణయింపనంతవరకు మాకు ఆ నిర్బంధము లేదని పురపాలక సంఘము వాదించినది. 1970లో సుప్రీంకోర్టు గుంటూరు పన్నుదారుల పక్షమున తీర్పు చెప్పినది. కంట్రోలరు నిర్ణయించినను, నిర్ణయింపకున్నను, న్యాయమైన అద్దె సూత్రములనే అనుసరించి విలువ కట్టవలెనన్నది. ఊహలోని అద్దెదారుడు కూడ దేశపు చట్టములకు లోబడినవాడే యని దాని తాత్పర్యము. దేశములోని ఇతర నగరముల వ్యాజ్యములలోను ఈ తీర్పును ఉదాహరించిరి.

ఈ తీర్పుల వలన పురపాలక సంఘముల ఆదాయమునకు కళ్ళెము పడెను. పాత అద్దెలపై పాత పన్నులే వచ్చుచుండగా, పెరుగుచున్న పట్టణములకు నీరు, దీపము, మురుగు కాలువ ఎట్లు సమకూర్తుమని అవి యడిగెను. ఆ ప్రశ్నయు న్యాయమైనదే. అందుచేత ఆంధ్రప్రదేశ్‌లో చట్టము సవరించి, అద్దె నియంత్రణ చట్టముతో నిమిత్తము లేకుండ, 1990లో క్రొత్త నియమములు ప్రకటించిరి. పట్టణమును సౌకర్యములనుబట్టి మండలములుగా విభజింతురు. నీటి వసతి, వీథి దీపములు, రోడ్లు, మురుగు కాలువలు, అంగళ్ళు, బడులు, వైద్యశాలలు ఎక్కడ ఎట్లున్నవో చూతురు. ఒక్కొక్క మండలములో ఇంటి కప్పునుబట్టి, వాడుకనుబట్టి చదరపుటడుగుకు నెలసరి అద్దె యింత యని నిర్ణయింతురు. స్లాబు ఇంటికి ఒక రేటు, పెంకుటింటికి ఒక రేటు, రేకుల ఇంటికి ఒక రేటు. కాపురమునకు ఒకటి, దుకాణమునకు మరియొకటి. ఇంటి ముఖము చూచి ఉద్యోగి తనకు తోచినది వ్రాయు పద్ధతి పోయి, కొలత, పట్టిక వచ్చినవి. పట్టిక వచ్చుట గృహస్థునకు మేలే. పట్టికతో వాదింపలేకపోయినను, కొలతను సరిచూచుకొనవచ్చును.

ఇంత కథయు కొండాపూర్ గడపలోనికి ఎట్లు వచ్చెనో చూతము. కొండాపూర్ అనగానే చరిత్రప్రియులకు సంగారెడ్డి జిల్లాలోని కొండాపురము జ్ఞప్తికి రావచ్చును. శాతవాహనుల నాణెములు త్రవ్వకములలో బయటపడినది అచ్చట. మన కొండాపూర్ అది కాదు. ఇది హైదరాబాదునకు పడమట, కొత్తగూడ, మాధాపూర్, గచ్చిబౌలి, హఫీజ్‌పేటల నడుమ, బండరాళ్ళ మధ్య నుండిన పల్లె. 1974లో గచ్చిబౌలి దాపున విశ్వవిద్యాలయము వెలసినపుడు కూడ ఈ ప్రాంతము పల్లెపట్టుగానే యుండెను. 1998 నవంబరులో మాధాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నేల స్వభావము మారకున్నను ధర మారినది. శేరిలింగంపల్లి పురపాలక సంఘము క్రింద నున్న ఈ ప్రాంతము, 2007 ఏప్రిలు 16వ తేదీన, 12 పురపాలక సంఘములును 8 గ్రామ పంచాయతులును నగరములో కలిసి గ్రేటర్ హైదరాబాదు ఏర్పడినపుడు, మహానగరములో భాగమైనది.

మా వీథి పెద్దమ్మ తన గుమ్మము కదలలేదు; ఆమె చుట్టును ఊరు కదలిపోయెను. ఒకప్పుడు పంచాయతీకి కట్టిన కొద్దిపాటి ఇంటిపన్ను, అదే గోడలకు, పురపాలక సంఘపు పన్నుగను, పిమ్మట కార్పొరేషను పన్నుగను మారెను. ప్రక్కన అంతస్తుల మేడలు లేచినవి. వీథి విలువ పెరిగినది. ఆమె ఆదాయము మాత్రము పెరగలేదు. వార్షిక అద్దె విలువపై వేయు పన్నులో సహజముగా నున్న కష్టమిది. అది యింటి శక్తిని కొలుచును గాని, ఇంటిలోని మనిషి శక్తిని కొలువదు.

ఇక నోటీసును ఎట్లు చదువవలెనో ఒక ఉదాహరణముతో చెప్పుదును. గ్రేటర్ హైదరాబాదు సంస్థ ప్రకటించిన పట్టికలో, నెలసరి అద్దె విలువ 300 రూపాయలు మించిన కాపురపు ఇంటికి పన్ను నూటికి 30. అందు సాధారణ పన్ను 15, పారిశుద్ధ్యమునకు 9, దీపములకు 3, మురుగు కాలువలకు 3. అంతకు తక్కువ విలువల యిండ్లకు 17, 19, 22 వంతున తక్కువ మెట్లు కలవు. 50 రూపాయల లోపు వానికి మినహాయింపు. ఇప్పుడు 1,000 చదరపుటడుగుల ఇల్లు, అడుగుకు నెలకు 2 రూపాయల రేటు అనుకొందము. నెలసరి విలువ 2,000, సంవత్సరమునకు 24,000. అందు నూటికి 10 తరుగు క్రింద తీసివేయగా 21,600. దానిపై నూటికి 30 చొప్పున 6,480 రూపాయలు. ఆపైన రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము. మన ఊళ్ళలోని పౌర గ్రంథాలయములు నిలుచుట ఈ 8 పైసలమీదనే. ఆ పైసలను చూచి ఎవరును విచారింపనక్కరలేదు.

అదే యిల్లు 1,200 అడుగులని పుస్తకములో పడినదనుకొనుడు. పన్ను 7,776 అగును. రెండువందల అడుగుల పొరపాటు ఏటికి 1,296 రూపాయల భారము. దానిని ఎవరును అడుగనిచో పది సంవత్సరములలో పన్నెండువేలు దాటిపోవును. కావున నోటీసు రాగానే చేయవలసిన మొదటి పని కోపపడుట కాదు, కొలబద్ద తీసికొనుట. ఇంటి కట్టడపు వైశాల్యము సరియైనదేనా? కప్పు ఏ రకమని వ్రాసినారు? కాపురమనిరా, వ్యాపారమనిరా? ఏ మండలపు రేటు వేసిరి? తరుగు తీసివేసిరా? ఒకే యింటికి రెండు సంఖ్యలు పడినవా? ఈ ఆరు ప్రశ్నలకు ఆరు సమాధానములు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. తప్పు కనబడినచో ఇంటి నకలు పటము, రిజిస్టరు పత్రము, పాత రసీదులు జతచేసి, నోటీసులో చెప్పిన గడువులోపల అర్జీ యిచ్చి, తీసికొన్నట్లు రసీదు పొందవలెను. విచారణ నాడు స్వయముగా పోవలెను. గడువు దాటిన హక్కు, నీరింకిన బావి. అర్జీ పెట్టితిని గదా యని పన్ను నిలిపివేయుట కూడ మంచిది కాదు. బకాయిలపై నెలకు నూటికి 2 చొప్పున వడ్డీ వేయు పద్ధతి యున్నది.

ఇచ్చట చరిత్ర నేర్పిన విచక్షణ మనకు తోడ్పడును. ఇంటిపన్నుపై ఫిర్యాదులు మూడు తీరులు. ఈ పన్నే ఇంత యుండరాదన్నది మొదటిది. అది చీరాల ప్రశ్న. దానిని ఎన్నికలలో, సభలలో అడుగవలెను. అంచనా వేయు పద్ధతి చట్టవిరుద్ధమన్నది రెండవది. అది గుంటూరు ప్రశ్న. దానిని పదుగురు కలిసి న్యాయస్థానములో అడుగవలెను. నా యింటి లెక్క తప్పు పడినదన్నది మూడవది. దానిని కమిషనరు కచ్చేరిలో ఒక్కడైనను అడుగవచ్చును. ఒక ప్రశ్నను మరియొక తలుపు దగ్గర అడిగినవాడు రిక్తహస్తములతో తిరిగి వచ్చును. చదరపుటడుగు రేటు హెచ్చని గుమాస్తాతో ఎంత వాదించినను అతడు తగ్గింపలేడు. కొలత తప్పని చూపినచో కాదనలేడు.

పన్ను పద్ధతులు ఒకే తీరున నిలిచియుండునవి కావు. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘములలో 2021 ఏప్రిలు 1వ తేదీనుండి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను వేయుచున్నారు. ఊహలోని అద్దెదారుడు పోయి, ఊహలోని కొనుగోలుదారుడు వచ్చినాడు. ఊహ మారినను, అది ఊహయే. కొలతను సరిచూచుకొను బాధ్యతయు, ప్రశ్నించు హక్కును ఎప్పటివలెనే గృహస్థునివే.

మరి మా పెద్దమ్మ సంగతి యేమైనదని మీరడుగవచ్చును. మరునాటి యుదయము నేనును, మా పిల్లవాడును కొలత టేపు తీసికొని వారింటికి పోతిమి. ముందుభాగము కొలత సరిగానే యున్నది. పెరటివైపున పుస్తకములో ఒక గది యున్నది, నేలమీద లేదు. ఎప్పుడో వానలకు కూలిపోయినదట. ఆ సంగతి ఎవరికైన తెలిపితిరా యని యడిగితిని. “కూలిన గోడ సంగతి ఎవలికి జెప్తం బిడ్డా?” అన్నది. తప్పు వారిదే. కాగితమునకు కన్నులు లేవు. గది కూలినదని దానికి తెలుపువారెవరు? యజమానియే తెలుపవలెను. ఆ సంగతి వ్రాసి, ఆమెచే వ్రేలిముద్ర వేయించి, గడువులోపల అర్జీ యిప్పించితిని. కొలతదారు వచ్చి చూచి పోయెను. లేని గదికి పన్ను పోయెను. వీథి రేటు మాత్రము తగ్గలేదు. అది ఆమె ఒక్కతె తగ్గింపగలిగినది కాదని నచ్చచెప్పితిని. ఆమెకు పూర్తిగా తృప్తి కలిగినదని చెప్పజాలను.

క్రొత్త కాగితము మడిచి కొంగున ముడివేసికొనుచు ఆమె అన్నది: “అడిగితె ఇంటరన్న సంగతి ముందుగాల ఎరుకైతె, గీ పదేండ్లు ఊకనే కట్టకపోదు గదా.”

కాశీవారు మైదానమున కూర్చుండి, చీరాలవారు పాకలలో పండ్రెండు నెలలకు దగ్గరగా గడపి, గుంటూరువారు కోర్టులచుట్టు తిరిగి మనకు సంపాదించి పెట్టినది ఆ ఎరుకయే. నోటీసు వచ్చిన దినమున దానిని పెట్టెలో పడవేయక, ఒక్కసారి పూర్తిగా చదివి, చేతితో ఇల్లు కొలిచి చూచుకొనుట, వారికి మనము చెల్లింపగల చిన్న బాకీ.